ఏ పెట్టెలో ఆ చప్పుడుంది

మీలో ఎవరైనా చెప్పండి చూద్దాం, బల్ల మీద గుద్దితే చప్పుడు పుట్టేది చేతిలోనా, చెక్కలోనా? చిన్నోడు చేతిలో అంటాడు, పెద్దది చెక్కలో అంటుంది. ఇద్దరికీ చెరి సగం మార్కులు. ఏ దెబ్బనైనా మూడు ముక్కలు చెయ్యొచ్చర్రా. ముందు టక్కున తగలడం. తర్వాత ఆ వస్తువు ఒళ్లంతా మోగడం. చివర తోక, అంటే చప్పుడు సన్నగిల్లి పోవడం. ఈ మూడూ పట్టుబడితే చెయ్యీ అక్కర్లేదు, చెక్కా అక్కర్లేదు. ఒట్టి కరెంటుతో ఏ దెబ్బనైనా తయారు చెయ్యొచ్చు. అలా చేసేవాడు ఒకడుండేవాడు. వాణ్ని అందరూ దరువు అని పిలిచేవాళ్లు. కాళ్లు ఊపకుండా కూర్చోండి, చెబుతాను.

సినిమాలకి, వీడియో ఆటలకి డ్రమ్ముల చప్పుళ్లు, దెబ్బల చప్పుళ్లు తయారు చేసివ్వడం దరువు పని. ఇంటి కింది భాగంలో అతని గది. కిటికీ లేదు. నాలుగు గోడలకీ నల్లటి స్పాంజి. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చీకటే. వేడెక్కిన తీగల వాసన, మాసిన స్పాంజి వాసన. తలుపేస్తే లోపలి కేక బయటికి రాదు. ఖరీదైన సామానని గడియ బయట పెట్టించాడు. తలుపు పక్క నుంచే పైకి చెక్క మెట్లు. పైన అతని వదిన, బట్టలు కుట్టేది. ఆమె భర్త, అంటే దరువు అన్న, మూడేళ్ల కిందట ఆ మెట్ల మీద జారి పడి చనిపోయాడు.

ఒకరోజు, కరెంటుతో చప్పుళ్లు పుట్టించే దరువు పాత మిషను, సింథసైజర్ అంటారు, మొరాయించింది. దుకాణం మనిషి రెండు పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సాయంత్రం ఐదింటికి వస్తాను సార్. నచ్చింది ఉంచుకోండి, రెండోది పట్టుకుపోతాను."

ఒకటి నల్లగా, కొత్తగా, తెరతో, బోలెడు బొత్తాలతో మెరుస్తోంది. రెండోది బూడిదరంగు ఇనుప పెట్టె. తిప్పడానికి ఆరు నాబులు, ఒక్క బొత్తం, చప్పుడుకి ఎగిరే ఒక సూది. అంతే.

ఆ పనివాళ్లకి ఒక అలవాటుంది. మిషను ఎంచుకోవాలంటే వందరకాలు వాయించి చూడరు. తమకి బాగా తెలిసిన ఒకే ఒక్క చప్పుడు పట్టుకుంటారు. దాన్ని ప్రతి మిషనులోనూ చేసి చూస్తారు. ఒకడికి ఇనుప తలుపు, ఇంకొకడికి ఖాళీ బకెట్టు. ఎవరైనా అడిగితే, "చెక్క మెట్టు మీద బరువు పడే చప్పుడు" అనేవాడు దరువు.

ఆ బరువు అతని అన్న.

నిజం చెప్పేస్తాను. అన్న పోయిన రోజు వదిన ఇంట్లో లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు పట్టుకోవడానికి దరువు అక్కడ మైకు పెట్టి, గదిలో హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చున్నాడు. అన్న పడటం విన్నాడు. తల మూడో మెట్టుకి తగలడం విన్నాడు. తర్వాత అన్న లేవలేక, పిలవలేక, వేళ్ల కణుపులతో మెట్టుని కొట్టడం విన్నాడు. లేచాడా? లేవలేదు. అంత మంచి చప్పుడు అతనికి ఎప్పుడూ దొరకలేదు. చెయ్యి చాచి శబ్దం ఇంకొంచెం పెంచుకున్నాడు. నలభై ఒక్కసారి కొట్టాడు అన్న. ఇరవై నిమిషాలు పట్టింది. తర్వాత భయమేసి ఆ రికార్డింగు చెరిపేశాడు. వదినకి మాత్రం, "ఒక్క దెబ్బకే పోయాడు వదినా, నొప్పి కూడా తెలిసుండదు" అని చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె బతుకుతోంది. ఆ మాట వల్లే అతనికి ఆ ఇంట్లో అన్నం పెడుతోంది.

నల్ల పెట్టెతో గంటసేపు కుస్తీ పట్టాడు. అట్టపెట్టె కిందపడ్డట్టుంది తప్ప మెట్టు మీద మనిషి పడ్డట్టు లేదు. ఇనుప పెట్టె తిప్పాడు. ఒళ్లు కాస్త లోతుగా. తోక కాస్త పొట్టిగా. ఏదో తక్కువైంది... మొదట్లో చిన్న లోహపు టిక్కు కలిపాడు. అన్న చెయ్యి మెట్టుకి తగిలినప్పుడల్లా ముందు మోగిన ఉంగరం అది.

బొత్తం నొక్కాడు.

అదే. అచ్చంగా అదే. పెదవి మీద నవ్వు వచ్చింది. హెడ్‌ఫోన్స్ పీకేసి పెద్ద స్పీకరులో పెట్టాడు. బొత్తం మీంచి వేలు తీశాడు.

టిక్... టక్.

వేలు గాల్లోనే ఉంది.

టిక్... టక్. కొంచెం ఆగి, మళ్లీ. తోక నాబు చివరిదాకా తగ్గించాడు. ఆగలేదు. తీగ పీకాడు. సూది ఎగురుతూనే ఉంది. గదిలో ఎక్కడినుంచో నెత్తురు వాసన, తడి చెక్క వాసన...

తలుపు తెరుచుకుంది. వదిన, చేతిలో టీ కప్పు.

"ఏమయ్యోయ్, ఈ రెండు పెట్టెల్నీ పిల్లల్లా పరీక్షకి కూర్చోబెట్టావట! ఎవరు పాసయ్యా..."

కప్పు బల్ల మీద పెట్టింది. తల వంచి వింది.

"అది ఆయన ఉంగరం," అంది మెల్లగా.

"మిషను వదినా. పాడైన మిషను. ఇప్పుడే తిరిగిచ్చేస్తాను."

"ఒక్క దెబ్బ అన్నావు కదా."

"వదినా..."

"పడితే ఒక్కసారి మోగాలి. ఇన్నిసార్లు ఎందుకు మోగుతోంది మరిదీ?"

అతను బల్లకి జారబడి నేల మీద కూలబడ్డాడు. వదిన అతని మొహంలోనే అంతా చదివేసుకుంది.

"ఆయన ఎన్ని దెబ్బలు కొట్టారు?" అని గుసగుసగా అడిగింది.

"నలభై ఒకటి."

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. బయటికి వెళ్లి తలుపేసి గడియ పెట్టింది. మెట్ల దగ్గరికి వెళ్లి, మూడో మెట్టు మీద చీర సర్దుకుని కూర్చుంది.

కాసేపటికి మొదలైంది. టక్.

తలుపు కొడుతున్నాడు అనుకుంది. కొట్టనీ. ఒకటి. మెట్ల పైనుంచి ఎండ పడుతోంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. రెండు. మూడు. పది దాటాక దెబ్బలు మెత్తబడ్డాయి. ఇరవై దాటాక తొందర పెరిగింది, బతిమాలుతున్నట్టు. "కొట్టు నాయనా, కొట్టు. నాకేం తొందర లేదు" అంది. ముప్ఫై... ఇప్పుడు రెండింటి మధ్య చాలాసేపు పడుతోంది. లేద్దామా అని ఒక్క క్షణం కాలు కదిలింది. కదిలిన కాలిని వెనక్కి లాక్కుంది. నలభై. మరీ నీరసంగా, గోటితో గీకినట్టు... నలభై ఒకటి.

ఆగిపోయింది.

అప్పుడు లేచి గడియ తీసింది. దరువు తలుపు దగ్గర లేడు. గదిలో ఆ చివర నేల మీద, తను వదిలిన చోటే, మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"చాలా, తలుపు కొట్టింది?" అంది.

"నేను కొట్టలేదు వదినా," అన్నాడు. "నువ్వు వెళ్లగానే పెట్టె ఆగిపోయింది. నేను లేవనే లేదు."

ఆమె తలుపు లోపలి వైపు చెయ్యి పెట్టింది. నాలుగు వేళ్ల మందం స్పాంజి. పిడికిలితో గుద్దింది. చప్పుడే పుట్టలేదు. మళ్లీ గుద్దింది. లేదు. అప్పుడు గుర్తొచ్చింది, తను విన్న ప్రతి దెబ్బకీ ముందు చిన్న టిక్కు ఉంది. మరిది వేళ్లకి ఉంగరాలు లేవు.

మెల్లగా వెనక్కి తిరిగి, ఇంతసేపూ తను కూర్చున్న మెట్టు వైపు చూసింది.

మెట్టులోంచి ఆమె భర్త పిలిచింది ఆమెనర్రా. మూడేళ్ల తర్వాత, ఆమె ఇంట్లో ఉన్న మధ్యాహ్నం చూసి పిలిచాడు. ఆమె కూర్చుని లెక్కపెట్టింది.

ఐదింటికి దుకాణం మనిషి వచ్చాడు. బరువైన బూట్లు, ఒకటే తొందర. ఏ పెట్టె తీసుకెళ్లాలో అడుగుదామని కిందంతా వెతికి, పలికేవాళ్లు లేక మెట్లెక్కాడు. పాత చెక్క, అడుగడుక్కీ కిర్రుమంది. ఒకటో మెట్టు, రెండో మెట్టు. మూడో మెట్టు మీద కాలు వేశాడు. చప్పుడు లేదు. ఆగి, బూటు ఎత్తి గట్టిగా తొక్కాడు. ఉన్న చప్పుడంతా ఆ నలభై ఒక్క దెబ్బలకే అయిపోయినట్టు, ఏమీ లేదు. వంగి చేత్తో తడిమాడు. చెక్క గట్టిగానే ఉంది. మనిషి ఒళ్లులా వెచ్చగా ఉంది.

ఏమిటర్రా, నా కొంగు వదలండి. తడిబట్టలు బకెట్లోనే ఉండిపోయాయి, ఆరేసి వస్తాను.