గరుకు వైపు

ఏమోయ్, నిన్నే! ఆ ఫోన్ కాస్త పక్కన పెట్టు. ఒక్క మొహానికి నలభై ఫోటోలు తీసుకుని ముప్పైతొమ్మిది చెరిపేసే నీకు, ఒకే ఒక్క ఫోటో కోసం కిందా మీదా పడినవాళ్ళ కథ ఎక్కుతుందా అని అనుమానమే. అయినా చెబుతాను. మధ్యలో ఆవలిస్తే నోట్లో ఈగ పోతుంది, నా పూచీ లేదు.

కెమెరాలు బాగుచేసే కుర్రాడొకడు ఉండేవాడు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే మొనగాడు, ఎదురుగా అమ్మాయి ఉంటే మూగవాడు. ఒక వానమధ్యాహ్నం వాడి కొట్టులోకి ఫోటో స్టూడియో వాళ్ళమ్మాయి వచ్చింది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పెద్ద చెక్క కెమెరాని రెయిన్‌కోటులో చుట్టి తెచ్చింది. కెమెరాకి చుక్క నీరు తగల్లేదు. ఆ పిల్ల మాత్రం నిలువునా తడిసింది.

"మా తాతయ్యది. వెనక అద్దం పగిలింది. కొత్తది వేస్తారా?"

వాడు తలూపాడు.

"ఊపడం కాదండీ, ఆదివారంలోపు కావాలి. ఎవరో హోటల్ వాళ్ళు దీన్ని లాబీలో షోకి పెట్టుకుంటామంటే మా నాన్న సరేననేశారు. ఏడ్చి గోల చేశాను. 'ఆ రోజుకి దీంతో ఒక్క ఫోటో సూదిమొనలా తీసి చూపించు, ఇవ్వను' అన్నారు. లేదంటే దీని పక్కన పూలకుండీ పెడతారట."

"పూలకుండీయా!" అన్నాడు వాడు. కోపంలో నోరు పెగిలింది.

ఈ అద్దం సంగతి నీకు చెప్పాలి. లెన్స్‌లోంచి వచ్చిన బొమ్మ దాని మీద తలకిందులుగా పడుతుంది. నల్లగుడ్డ కప్పుకుని, అందులో చూసి ఫోకస్ చేసుకుని, తర్వాత అదే చోట ఫిల్మ్ పెట్టి ఫోటో తీస్తారు. అద్దానికి ఒకవైపు నున్నన, ఒకవైపు గరుకు. గరుకు వైపు లెన్స్ కేసి ఉండాలి. తిరగేసి బిగించావా, అద్దంలో బొమ్మ భేషుగ్గా కనిపిస్తుంది, ఫిల్మ్ మీద మాత్రం అలికేసినట్టు వస్తుంది. తేడా అద్దం మందమంతే. కాపురాల్లో కొంపలంటుకునేదీ అంత తేడాతోనే కదా!

వాడు అద్దం కోసి, అంచులు నునుపు చేసి, గోటితో గీకి గరుకు వైపు చూసుకుని, క్లిప్పులు బిగించాడు. అంతసేపూ ఆ పిల్ల ఎదురుగా స్టూలు మీద కూర్చుని జుట్టు పిండుకుంది. వాడు చూడలేదు. చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

మర్నాడే కొట్టు తలుపు దభాలున తెరుచుకుంది. ఫోటో ఒకటి బల్ల మీద పడింది.

"ఏంటిది?"

"ఇదీ... బంగాళాదుంపండి. ఉడికించింది."

"మా బాబాయ్ అండీ!"

వాడు కెమెరా వెనక భాగం విప్పి గోటితో గీకి చూశాడు. గరుకు బయటికుంది.

"నేను సరిగ్గానే పెట్టానే..."

"అయితే అదే పక్క మీద మనిషిలా అటు నుంచి ఇటు తిరిగి పడుకుందా?"

మళ్ళీ బిగించి ఇచ్చాడు. రెండు రోజులకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తిరగబడే ఉంది. ఎందుకో ఈసారి తిట్లలో పస తగ్గింది గానీ, దాన్ని పట్టించుకునే స్థితిలో వాడు లేడు. ఇన్నేళ్ళుగా నమ్ముకున్న చేతుల్ని చూసుకుంటున్నాడు.

"ఆదివారం మీ ఇంటికే వచ్చి బిగిస్తాను. ఫోటో వచ్చేదాకా కదలను," అన్నాడు.

"మాట తప్పకండి," అని చక్కా పోయింది.

ఆదివారం పొద్దున వాళ్ళింటి ముందుగదిలోని స్టూడియోలో నాన్నగారు మీసం దువ్వుకుంటూ కూర్చున్నారు. పక్కనే బాబాయ్. ఆ ఇంట్లో గడియారం గంట ముందుకి నడిచినా, చెప్పులు రెండూ ఎడమకాలివే కనిపించినా అందరూ చూసేది ఆయన వైపే. కుర్రాణ్ణి చూసి ఆయన కళ్ళు మిలమిలలాడాయి. "ఓహో, అద్దాల డాక్టరు! అబ్బాయ్, ఏది ముందో ఏది వెనకో తెలుస్తోందా?"

వాడు పళ్ళు బిగబట్టి అద్దం బిగించాడు.

"ముందు ఫోకస్ చూడాలి. బాబాయ్, మీరు కూర్చోండి," అంది ఆ పిల్ల. "కదలకూడదు. మాట్లాడకూడదు."

"నవ్వొచ్చా?"

"పళ్ళన్నీ కనపడేలా నవ్వి, అలాగే పట్టుకోండి."

నల్లగుడ్డ కింద ఇద్దరూ దూరారు. అద్దంలో బాబాయ్ గబ్బిలంలా తలకిందులుగా వేలాడుతూ నవ్వుతున్నాడు. పక్కన ఆమె ఊపిరి వాడి చెవికి తగులుతోంది.

"ఒక మాట చెప్పాలండి," అన్నాడు గుసగుసగా. "రెండుసార్లూ తప్పు నాదే. ఎవరి అద్దమూ ఇంతవరకూ తిరగెయ్యలేదు నేను. మీదే తిరగేశాను."

"మాదే ఎందుకు?"

"మీరెదురుగా కూర్చున్నారు. చేతులు పని చేస్తున్నాయి, మనసు చెయ్యట్లేదు."

ఆమె ఫోకస్ మర అటూ ఇటూ తిప్పింది. వాడికి భయం ఇంకా పెరిగి, ఉన్నదంతా కక్కేశాడు. "ఇవాళ ఫోటో వస్తే కెమెరా బాగైనట్టే. ఇంక మీరు కొట్టుకి రారు. ఫోటో రాకపోతే కెమెరా హోటల్‌కి పోతుంది. అప్పుడూ రారు. ఎటు చూసినా నాకు నష్టమే. అయినా సరిగ్గానే బిగించానండీ. ఒట్టు."

"కెమెరా బాగైతే రానని ఎవరన్నారు? ముందున్న తోలు మడతలు చిరగవా?"

"చిరక్కపోతే?"

"నేనే చింపుతాను."

చీకట్లో ఇద్దరి మొహాలూ ఎలా ఉన్నాయో నేను చెప్పలేను, గుడ్డ అడ్డం. బయట నుంచి మాత్రం పెదాలు కదపకుండా "అ...య్యిం...దా?" అని ఒక మూలుగు వినిపించింది.

"ఇంకాస్త, బాబాయ్! నవ్వు జారుతోంది, ఎత్తండి!"

ఆ ఇంకాస్త చాలాసేపు సాగింది.

చివరికి బాబాయ్‌ని లేపి నాన్నగారిని కూర్చోబెట్టి, ఫోటో తీసి, ఆ పిల్ల డార్క్‌రూమ్‌లోకి పరిగెత్తింది. కుర్రాడు తలుపు బయట గోళ్ళు కొరుక్కున్నాడు. ఫోటో తడితడిగా బయటికొచ్చింది. నాన్నగారు భూతద్దం పెట్టి చూశారు. చూస్తూనే ఉన్నారు.

"నా మీసంలో ఇన్ని తెల్లవెంట్రుకలా!" అని నిట్టూర్చి, ఫోన్ తీసి హోటల్ వాళ్ళతో, "పూలకుండీ ఒక్కటే పెట్టుకోండి సార్, బాగుంటుంది," అని పెట్టేశారు.

తర్వాత కుర్రాడి వైపు తిరిగారు. "మీ పెద్దవాళ్ళని ఓసారి రమ్మను బాబూ. మాట్లాడుకుందాం."

వాడు నీళ్ళు నమిలాడు. "మీకెలా..."

"గుడ్డ కింద నాలుగు కాళ్ళు అంతసేపు కదలకుండా ఉంటే ఫోకస్ అనుకోడానికి, నేనేమైనా మా తమ్ముణ్ణా?"

అంతే, ఆ తమ్ముడు గారు కుర్చీలోంచి ఎగిరి దూకారు. "ఆగన్నయ్యా! ఈ పెళ్ళి ఎవరి చలవ? నాది! రెండుసార్లూ ఆ అద్దం తిప్పింది నేనే! లేకపోతే ఈ మూగమొద్దూ ఇదీ ఒక్క రసీదుతో సరిపెట్టుకునేవాళ్ళు! ఎలా ఆడించానో చూశావా ఇద్దరినీ!"

కుర్రాడు నోరు తెరిచాడు. "అంటే... తప్పు నాది కాదా? మరి నేను లోపల చెప్పిందంతా?"

"చెప్పేశారుగా. వాపసు లేదు," అంది ఆ పిల్ల. "రెండోసారి బాబాయ్ తిప్పుతుంటే తలుపు సందులోంచి చూశాను."

"తెలిసీ నన్నెందుకు తిట్టారండీ?"

"తిట్టకపోతే మా ఇంటికొస్తాననేవారా?"

బాబాయ్ మొహం కాస్త వాడింది. పట్టేసిన మెడ రుద్దుకుంటూ, ఇంకా మామూలుకి రాని దవడతో అడిగాడు. "సరేలే... ఇంతకీ నా ఫోటో ఏదే? అంతసేపు ఇకిలించాను!"

"ఏ ఫోటో బాబాయ్?" అంది ఆ పిల్ల. "మీరు కూర్చున్నంతసేపూ కెమెరాలో అసలు ఫిల్మే లేదు."