కింద పెట్టిన కెమెరా

పదకొండో నిమిషంలో హాల్లోని రెండు వందల కుర్చీలూ కలిసి అరవై ఉలుకులు దాటాయి. కుర్చీలు పట్టిన ఉలుకుల గీతలు చూసే రేఖాగదిలో గాజుపలక వెనక కూర్చున్న నూకరత్నం ఆవలిస్తూ ఆ అంకె కింద టిక్కు పెట్టింది. తెర మీద సముద్రంలోంచి ఒక తల లేచింది. ఆ తలకి ఎన్ని కోరలుండాలో, ఏ కోర నుంచి ఎంత నీరు కారాలో కత్తెర అనే కూర్పు యంత్రం ముందే లెక్క కట్టి పెట్టింది. జనం లెక్క ప్రకారమే కెవ్వుమన్నారు.

"కోరల కెరటం" ఉదయం ఆట అది. మధ్యాహ్నం రెండు గంటలకు మూడు వందల నలభై హాళ్ళకు ఖరారు ప్రతి వెళ్ళాలి. ఈలోగా కుర్చీలు చెప్పినదాన్ని బట్టి కత్తెర ఎక్కడ కోయమంటే అక్కడ కోయాలి. కత్తెరకు చేతుల్లేవు కాబట్టి మనిషి బొటనవేలు కావాలి. పదకొండేళ్ళుగా ఆ వేలు నూకరత్నానిది.

ఆరో వరుసలో నూట పద్నాలుగో కుర్చీలో ఒక లావుపాటి మనిషి ఉన్నాడు. ప్రతి కొత్త సినిమాకీ వస్తాడు, ప్రతిసారీ పక్కవాళ్ళకు వినబడేలా, "ఇదంతా ఉత్తిదెహె, మనకి భయవేటి?" అంటాడు. హాలు మొత్తంలో అందరికంటే ముందు ఉలిక్కిపడే కుర్చీ అతనిదే. బయటికి వెళ్ళాక మాత్రం, "నిజంగా దొరికిందంట్రా, కెమెరా ఇంకా తడిగానే ఉందంట" అని నలుగురికీ చెబుతాడు. ఇలాంటివాళ్ళ గుండెల కోసం తను డిగ్రీ చదివానా అని నూకరత్నం రోజుకొకసారైనా అనుకునేది.

దొరికిన కెమెరా! ప్రతి సినిమా మొదట్లోనూ అదే అట్ట: "ఈ దృశ్యాలు గట్టు తెగిన చోట దొరికాయి." ఆమె ఇప్పటికి ఆరు వందల పన్నెండు దొరికిన సినిమాలు చూసింది. ఇన్ని కెమెరాలు పారేసుకున్న మనుషులు తమ తలలు మాత్రం ఎలా భద్రంగా మోసుకు తిరిగారో ఆమెకు అర్థమయ్యేది కాదు. అన్నీ అబద్ధాలే అనడానికి ఆమె దగ్గర ఒకే ఒక్క గుర్తు ఉంది. వెనక భూతం తరుముతుంటుంది, ముందు పెళ్ళాం బురదలో కూరుకుపోతుంటుంది, వీడు మాత్రం రెండు చేతులా కెమెరా పట్టుకుని పెళ్ళాం ముఖం స్పష్టంగా కనబడేలా సరిచేసుకుంటాడు. ఆరు వందల పన్నెండు మందిలో కెమెరా కింద పెట్టి చెయ్యి అందించినవాడు ఒక్కడూ లేడు.

ఈ మాట ఒకసారి హాలు అధికారి తేజోమూర్తితో అంది. అతను జాలిగా నవ్వి, "కింద పెట్టేస్తే సినిమా ఎక్కడుంటుందండీ రత్నంగారూ?" అన్నాడు.

యాభై రెండో నిమిషంలో కెమెరా కింద పడింది.

నూకరత్నం మొదట పట్టించుకోలేదు. తెర మీద అడ్డంగా తిరిగిపోయిన బురదనేల, ఒక నీలం డ్రమ్ము అంచు, వాన. ఉలుకులు అరవై నుంచి మూడుకి జారాయి. నూట పద్నాలుగో కుర్చీవాడు జంతికల పొట్లం విప్పాడు. ఎవరో ఈల వేశారు. నాలుగు నిమిషాల తర్వాత కెమెరా ఎవరి చేతికో వచ్చింది, తల మళ్ళీ లేచింది, కుర్చీలు మళ్ళీ అదిరాయి. కత్తెర వెంటనే చెప్పింది: చప్ప. యాభై రెండు నుంచి యాభై ఆరు వరకు తొలగించు.

ఆట అయ్యాక తేజోమూర్తి తలుపు దగ్గర నిలబడి, "ఆ చప్ప తీసేస్తే అదిరిపోద్దండి. కానిచ్చేయండి" అనేసి వెళ్ళిపోయాడు. 

వేలు పెట్టే ముందు కోయబోయే భాగాన్ని పూర్తిగా ఒకసారి చూడాలని నియమం. మిగతా హాళ్ళలో ఎవరూ చూడరు. నూకరత్నం చూసేది. చెత్తనైనా చూసే పారేయాలని ఆమె పట్టుదల.

చిన్నతెర మీద బురద కనిపించింది. మిగిలిన సినిమా అంతటా కంపెనీవాళ్ళు అరుపులు అతికించారు కానీ, ఇక్కడ ఆ శ్రమ పడలేదు. వాన చప్పుడు, దూరంగా చంటిపిల్లల ఏడుపు, ఒక మగగొంతు: "ఏడవకండర్రా, ఒచ్చేత్తన్నాను!" రెండు పాదాలు చట్రంలోకి వచ్చి, సముద్రం వైపు పరుగెత్తాయి. చెప్పుల్లేవు. కుడికాలికి బొటనవేలు లేదు. కాసేపటికి అవే పాదాలు తిరిగి వచ్చాయి, ఈసారి మెల్లగా, బురదలో లోతుగా దిగబడుతూ. బరువు మోస్తున్న పాదాలు అవి. ఏడుపొకటి దగ్గరగా వచ్చి, చట్రం దాటి పైకెక్కడికో వెళ్ళి ఆగింది. మళ్ళీ తేలికగా అటు పరుగు, మళ్ళీ బరువుగా ఇటు.

ఎక్కడా భూతం లేదు. భూతం తల అతికించడానికి అక్కడ అల కనిపిస్తేగా.

ఖాళీ గ్లాసు తీసుకెళ్ళడానికి వచ్చిన ఎర్రమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. హాలు ఊడ్చే మనిషి, ముప్ఫై నాలుగేళ్ళది. ఇక్కడ చేరాక ఏ తెర వైపూ తలెత్తి చూసి ఎరగదు.

"మేడంగారండీ, ఎనక్కి తిప్పండి."

నూకరత్నం తిప్పింది.

"అది మా నాన్న కాలండి," అంది ఎర్రమ్మ. "వేలు వల లాగే చక్రంలో పోయిందండి. నా సిన్నప్పుడు."

గవ్వలపేట సముద్రపు గట్టు తెగి తొమ్మిదేళ్ళయింది. ఆ ఊరి నేత్రకాపరి, ఎర్రమ్మ తండ్రి దానయ్య పని ఒకటే: కెమెరాను సముద్రం వైపు పట్టుకుని నిలబడటం. కెమెరా బురదను చూపించిన క్షణాన కాపలా యంత్రం తన పుస్తకంలో "విడిచి పారిపోయాడు" అని రాసుకుంది. యంత్రం రాసినదాన్ని మనుషులు కొట్టేసే ఏర్పాటు లేదు. ఆ మర్నాడు బాలవాడి పిల్లలు ముగ్గురు ఐసు ఫ్యాక్టరీ మేడ మీద ప్రాణాలతో దొరికారు. మాటలైనా రాని పసివాళ్ళు. వాళ్ళను ఎగిరే రక్షకయంత్రం ఎత్తి పెట్టిందని ప్రకటించి, కూడలిలో ఆ యంత్రానికి విగ్రహం కట్టారు. ఏటా దానికి గజమాల వేస్తారు. ఏటా గట్టు దగ్గర పోయినవాళ్ళ పేర్లు చదివి, ఒక్కొక్క పేరుకీ ఒక దీపం వదులుతారు. పారిపోయినవాడికి దీపం ఉండదు.

"నేనూ దీపం తెచ్చుకుని ఎల్లానండి, రెండేళ్ళు," అంది ఎర్రమ్మ. "పేరు లేందే వదలకూడదని ఆపేశారు. బతికే ఉన్నాడేమో, ఎక్కడ దాక్కున్నాడో కనుక్కోమన్నారు."

చిన్నతెర మీద పాదాలు మూడోసారి బరువుగా తిరిగి వచ్చాయి. ఎర్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "బాలవాడిలో నలుగురండి," అంది.

పాదాలు నాలుగోసారి సముద్రం వైపు వెళ్ళాయి. ఆ తర్వాత బురద, వాన, డ్రమ్ము అంచు.

నూకరత్నం మెల్లగా పదకొండో నిమిషానికి వెళ్ళి చూసింది. అల. ఉత్త అల. కంపెనీవాళ్ళు శిథిలాల్లోంచి కెమెరాలు ఏరి తెచ్చుకుని అలకి తల అతికించారు. ముందు పరుగెత్తుతున్న జనానికి ఏమీ అతికించనక్కర్లేకపోయింది. ఆ జనంలో ఒక ముసలావిడ ఉంది. "నటన తేలిపోయింది" అని ఆవిడ గురించి నూకరత్నం పొద్దున్నే నివేదికలో రాసింది.

"ఆవిడ మా గంటలమ్మ పెద్దమ్మండి," అంది ఎర్రమ్మ.

నూకరత్నానికి ఒళ్ళు కంపరమెత్తింది. కంపెనీ మీద, జంతికలు నమిలేవాడి మీద, అన్నిటికంటే ఎక్కువగా తన మీద. ఆరు వందల పన్నెండు అబద్ధాలు చూసి చూసి, ఎదటికొచ్చిన మొదటి నిజానికి ఆవలించింది.

"ఈ ముక్క నాకు ఇచ్చెయ్యండి మేడంగారూ."

"ఇవ్వలేను ఎర్రమ్మా. ఇక్కణ్ణించి ఏదీ విడిగా బయటికి పోదు. కోస్తే శాశ్వతంగా చెరిగిపోతుంది. ఉంచితే అన్ని హాళ్ళకీ పోతుంది."

"అయితే ఉంచండి."

ఉంచితే ఏమవుతుందో నూకరత్నానికి తెలుసు. ముందొక తల, వెనకొక తల, మధ్యలో దానయ్య పాదాలు. జనం ఈల వేస్తారు. పొట్లాలు విప్పుతారు. రేపటి ఆటలో ఇంకో హాలులో ఇంకో వేలు దాన్ని కోసేస్తుంది.

కోయడం మాత్రమే తెలిసిన మనిషి ఆమె. గుర్తులను మొదటి నిమిషం నుంచి యాభై రెండు దాకా ఒకసారి, యాభై ఆరు నుంచి చివరిదాకా ఒకసారి జరిపింది. మొదటి అట్టను ముట్టుకోలేదు. పదకొండేళ్ళలో ఆ అట్ట నిజం చెప్పడం ఇదే తొలిసారి.

తొంభై ఒక్క నిమిషాలు తొలగింపు. మిగులు నాలుగు. చప్ప నూరు శాతం. నిర్ధారించాలా? అని కత్తెర అడిగింది.

"మీ ఉద్యోగం పోద్దేమోనండి," అంది ఎర్రమ్మ.

"పోనీలే. ఏమంత గొప్పదని?" అని నూకరత్నం వేలు ఆనించింది.

రెండు గంటలకు హాలు నిండింది. నూట పద్నాలుగు ఇద్దరు కొత్త స్నేహితులను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. "పదకొండో నిమిషంలో సూడండి, మీకు తడిసిపోద్ది. మనకేం కాదనుకోండి" అంటున్నాడు. అట్ట వచ్చింది. బురద వచ్చింది.

"దెయ్యమేదెహె?" అని ఎవరో అరిచారు. ఈలలు. తెర పాడయిందని ఒకాయన, పాడు కాలేదు, ఇదే కొత్త రకమని ఇంకొకాయన. సరిగ్గా నూకరత్నం అనుకున్నంత లేకిగానూ ఉన్నారు. పాదాలు అటు వెళ్ళాయి, ఇటు వచ్చాయి. ఏడుపు దగ్గరకొచ్చి ఆగింది. రెండోసారి పాదాలు బరువుగా తిరిగొచ్చేసరికి ఈలలు సన్నగిల్లాయి. మూడోసారి, "మూడు" అని ఒక ఆడమనిషి పైకే లెక్కపెట్టింది. ఇంకా ఒక పిల్ల ఏడుస్తూనే ఉంది. పాదాలు నాలుగోసారి వెళ్ళాయి.

ఏడుపు వినిపిస్తోంది. ఆ తర్వాత వాన మాత్రమే వినిపిస్తోంది.

నాలుగు నిమిషాలు అయిపోయాయి. తెర తెల్లబడింది. నూకరత్నం అంకెల పలకవైపు చూసింది. ఉలుకులు సున్నా. కదలికలు సున్నా. ఊపిరి తీయడానికి కూడా జంకే మనుషులను గుర్తుపట్టడం కుర్చీలకు ఎవరూ నేర్పలేదు. హాలు ఖాళీ, అని కత్తెర తేల్చింది.

ఫోను మోగింది. తేజోమూర్తి. "ఏవండీ రత్నంగారూ, ఏం చేశారండీ మీరు? మూడు వందల నలభై హాళ్ళూ ఖాళీ అని చూపిస్తోంది! జనం లేచి వెళ్ళిపోయారా?"

"లేదు సార్. ఉన్నారు."

"మరి ఏం చేస్తున్నారండీ?"

"ఎదురుచూస్తున్నారు," అంది నూకరత్నం.

హాలు ఖాళీ అయిందనుకున్న కత్తెర దీపాలు వెలిగించి, ఊడ్చే మనిషి కోసం గంట కొట్టింది. ఎర్రమ్మ చీపురుతో లోపలికి వచ్చింది. రెండు వందల మందీ ఎక్కడివాళ్ళక్కడే ఉండటం చూసి నడవ మధ్యలో నిలబడిపోయింది. నూట పద్నాలుగు ఒళ్ళో జంతికల పొట్లం విప్పకుండానే ఉంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"ఏవమ్మా, నీకేవన్నా తెలుసా? ఆయన తిరిగొచ్చాడా?"

"రాలేదండి," అంది ఎర్రమ్మ. "మా నాన్నండి ఆయన. దానయ్యండి, పేరు."

గాజుపలక వెనక నూకరత్నం పొద్దుటి నివేదిక తీసి, ముసలావిడ గురించి తను రాసిన వాక్యాన్ని కొట్టేసింది. కింద హాల్లో నూట పద్నాలుగు లేచి నిలబడ్డాడు. ఆ పేరును నోట్లోనే ఒకసారి అనుకుని, మరిచిపోకుండా ఉండేందుకు కాబోలు, పక్కవాళ్ళకు వినబడేలా ఇంకోసారి పైకి అన్నాడు.