నగ్లా రాసిన కషాయం

ఆ ఉదయం నగ్లా లేచేసరికి తల్లి తహానీ వంటింట్లో మెంతులు మరిగిస్తోంది. ఆ ఇంట్లో అదేమీ కొత్త కాదు కనుక నగ్లా పట్టించుకోలేదు. రొట్టె చింపి, ఉడికిన బీన్స్ మీద నిమ్మకాయ పిండుకుని, నిలబడే తినేస్తోంది. ట్రామ్ తప్పితే ఆఫీసుకు ఆలస్యం. చేరి రెండు నెలలే అయింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

"కూర్చుని తినవే. అలెగ్జాండ్రియా ట్రామ్ ఎప్పుడైనా వేళకొచ్చిందా?" అంది తల్లి.

"షుగర్ మాత్ర వేసుకున్నావా అమ్మా?"

"అన్నీ అయ్యాయి. మీరు బయల్దేరండి, రచయిత్రి గారూ."

ఆ పిలుపుకు నగ్లా సిగ్గుపడింది. లోలోపల సంతోషమూ వేసింది. ఒకప్పుడు ప్రైవేటు బడిలో అరబిక్ చెప్పేది. బడి మూతపడ్డాక ఏడాదిన్నర ఇంట్లోనే కూర్చుంది. విడాకులై పుట్టింటికి వచ్చిన మనిషి ఖాళీగా కూర్చుంటే మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లూ జాలిపడేవాళ్లు. అలాంటి రోజుల్లో ఓ ఆరోగ్య వెబ్‌సైట్‌లో కంటెంట్ రైటర్ ఉద్యోగం దొరికింది. తహానీ ఆ మాట కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ప్రతి గుమ్మంలోనూ చెప్పి వచ్చింది.

కానీ ఆ కుర్చీలో కుదురుకోవడం అంత తేలిక కాలేదు. ఎడిటర్ తామిర్ ఆమె కన్నా పదేళ్లు చిన్నవాడు. జుట్టు నూనె గురించి ఆమె మొదట రాసిన వ్యాసాన్ని మళ్లీ మళ్లీ తిప్పి పంపాడు.

"ఇది పాఠంలా ఉంది మేడమ్. జనం బడికి రావట్లేదు, ఊరట కోసం వస్తున్నారు. ముందు ఊరటివ్వండి."

క్రమంగా పట్టు దొరికింది. చిన్న వాక్యాలు రాయాలి. జనం వెదికే మాట మొదటి వరుసలోనే పడాలి. శీర్షికలోనే ఓ ఆశ చూపాలి. నెల తిరిగేసరికి తామిర్ ఓ శీర్షిక ఇచ్చాడు: 'మాత్రలకు సెలవు: షుగర్‌ను దించే మెంతుల కషాయం.'

"ఇది ఏ డాక్టర్ చెప్పాడు?" అని అడిగింది నగ్లా.

"పది సైట్లలో ఉంది, చాలదా? సాయంత్రానికి కావాలి."

రాసింది. కింద ఆమె పేరు పడింది. వేలమంది చదివారు. తామిర్ అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాడు. ఆ కుర్చీ తనదేనని నగ్లాకు మొదటిసారి అనిపించింది ఆ రోజే.

తల్లి మెంతులు మరిగించిన రోజు మధ్యాహ్నం భోజనాల వేళ అన్న హిషామ్ ఫోన్ చేశాడు. "అమ్మ మెట్ల మీద పడిపోయింది. ఆసుపత్రిలో ఉన్నాం. త్వరగా రా."

ఆమె వెళ్లేసరికి తల్లికి సెలైన్ ఎక్కుతోంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. డాక్టరమ్మ నగ్లాను పక్కకు పిలిచింది. "షుగర్ విపరీతంగా పెరిగిపోయింది. మాత్రలు మానేసి ఎన్నాళ్లయింది?"

"మానడమేమిటి? రోజూ వేసుకుంటోందండీ."

"అన్నీ డబ్బాలోనే ఉన్నాయి," అన్నాడు హిషామ్. "నేనే చూశాను. ఒకే ఇంట్లో ఉంటావు. పొద్దున లేచి ఆ కంప్యూటర్‌కేసి పరిగెత్తడమే గానీ, అమ్మ ఏం మింగుతోందో, ఏం మానేసిందో చూసే తీరికే లేదా నీకు?"

మంచం మీది నుంచి తహానీ నీరసంగా చెయ్యెత్తింది.

"దాన్నేమీ అనకురా. అది చెప్పినట్టే చేశాను."

"ఏం చెప్పింది?"

"రాసింది కదా. చదువుకున్న పిల్ల ఊరికే రాస్తుందా? నాకు నోటితో చెబితే విననని అలా రాసిందనుకున్నాను." ఆమె దిండు కింద నుంచి ఫోన్ తీసి కొడుక్కిచ్చింది.

హిషామ్ చదివాడు. చివర పేరు చూశాడు. అప్పటిదాకా అరిచిన మనిషి ఫోన్‌ను చెల్లెలి చేతిలో పెట్టి వరండాలోకి వెళ్లిపోయాడు. ఆ అరుపులే నయమనిపించింది నగ్లాకు.

"అమ్మా, అది నాకు తెలిసి రాసింది కాదే."

"తెలియకుండా ఎలా రాస్తారే?" అంది తహానీ. నిందించడానికి కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

మర్నాడు నగ్లా తామిర్ ఎదుట నిలబడింది. "ఆ వ్యాసం తీసేయండి. మా అమ్మ చావు దాకా వెళ్లొచ్చింది."

అతని ముఖం నిజంగానే పాలిపోయింది. "అయ్యో, పెద్దావిడకు ఇప్పుడెలా ఉంది?" అన్నాడు. తర్వాత కళ్లు దించుకున్నాడు. "కానీ మేడమ్, మన సైట్‌కు వచ్చేవాళ్లలో సగంమంది దానికోసమే వస్తున్నారు. పైవాళ్లు ఒప్పుకోరు. అడుగున 'డాక్టరును సంప్రదించండి' అని ఓ ముక్క పెడతాను. కావాలంటే మీ పేరు తీసేస్తాను."

పేరు తీసేశాడు. వ్యాసం అలాగే ఉంది. నగ్లా తన కుర్చీలో కూర్చుంటే కొత్త శీర్షికలు ఎదురుగా సిద్ధంగా ఉన్నాయి. ఆ రోజు ఒక్క అక్షరం రాయలేకపోయింది. రాజీనామా ఇచ్చే ధైర్యమూ రాలేదు. తను మానేసినా ఆ మాటలు ఆగవు. వాటిని పుట్టించిన మనిషికే వాటి మీద ఏ అధికారమూ లేదు.

తల్లిని ఇంటికి తెచ్చిన నాడు ఇదంతా చెప్పి ఏడ్చేసింది. తహానీ కూతురి కన్నీళ్లు తుడిచింది.

"ఆ కంపెనీ వాళ్లను మనమేం చేయగలం? కానీ ఈ మెట్ల వెంట అందరికీ ఆ వ్యాసం చదివి వినిపించింది నేను. లే. నా చెయ్యి పట్టుకో."

"ఇప్పుడా? నువ్వు నడవలేవు."

"వాళ్లూ రేపు నడవలేకపోతే?"

ప్రతి అంతస్తులోనూ తహానీ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ప్రతి గుమ్మంలోనూ అదే మాట చెప్పింది. "మా అమ్మాయి రాసింది తప్పమ్మా. మాత్రలు మానకండి." ఎంత గర్వంగా ఎక్కిన మెట్లో అవి. ఒకావిడ నవ్వు ఆపుకుంది. మరొకావిడ ముఖం మీదే తలుపేసింది. నగ్లా తల ఎత్తలేకపోయింది.

నాలుగో అంతస్తు సమీహా విని కంగారుపడింది. "మేం తాగలేదు గానీ వదినా, తంతా ఊళ్లో ఉన్న మా అక్కకు పంపాను. తను మాత్రలు మాని రోజూ అదే తాగుతోంది." అక్కడికక్కడే అక్క రావియాకు ఫోన్ కలిపి నగ్లాకిచ్చింది. కషాయం ఆపేయమని చెప్పింది నగ్లా.

"ఎందుకాపాలి తల్లీ?" అంది అవతల గొంతు హుషారుగా. "హాయిగా ఉంది. రాసినావిడ అలెగ్జాండ్రియా అమ్మాయేనట, బాగా చదువుకున్నదట."

"రాసింది నేనేనండీ," అంది నగ్లా. "నాకేమీ తెలియదు. తెలియకుండానే రాశాను. ఈ పూటే మాత్ర వేసుకోండి, మీకు దణ్ణం పెడతాను."

రావియా గొంతులో హుషారు పోయింది. "నేను మా చుట్టాలందరికీ పంపానే."

నగ్లా మెట్టు మీద కూలబడిపోయింది. తహానీ గోడ పట్టుకుని కష్టం మీద ఆమె పక్కనే కూర్చుని, కూతురి తలను భుజానికి ఆనించుకుంది.

"ఏడుపు ఆగేదాకా చూడకు," అంది. "ఏడుస్తూనే అడుగు, వాళ్ల నంబర్లు."

నగ్లా ఫోన్ మళ్లీ చెవికి ఆనించుకుని, ఒక్కొక్కరి పేరే అడగడం మొదలుపెట్టింది.