చావింట్లో వేడి టీ

వానకి తడిసి ముద్దయిన ఒక అమ్మాయి మా హానోరా ఇంట్లోకొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, టీ చల్లారిపోయిందని ఫియక్రాని కసురుకుంది. హానోరా పోయిన మర్నాటి సంగతి ఇది. ఫియక్రా ఆవిడ మనవడు.

నేను పక్కింటి పెగ్గీని. ఆ పూట హామ్ శాండ్‌విచ్‌లు కొయ్యడం నా పని కాబట్టి మొదటినుంచీ అంతా చూశాను. ఐర్లండ్‌లో మా కార్క్ ఊళ్ళో చావింటి తలుపు వెయ్యరు. వచ్చినవాళ్ళు వరసగా నడుస్తూ ఇంటివాళ్ళ చేతులు పట్టుకుని "మీ కష్టానికి బాధగా ఉంది" అంటారు. మేడమీద పడుకోబెట్టిన మనిషిని చూసి కిందికొచ్చి, టీ తాగుతూ ఆ మనిషి ముచ్చట్లే చెప్పుకుని నవ్వుకుంటారు. ఎవరొచ్చినా నువ్వెవరని అడక్కూడదు. అడిగితే ఆ ఇంటి పరువు పోయినట్టే.

ఆ అమ్మాయి పేరు ఎలోడీ. కెనడా పిల్ల, మేనత్తతో కలిసి ఓడెక్కి ఊళ్ళు చూస్తోంది. కోవ్ రేవులో ఓడ ఆగితే, మేనత్త కాళ్ళనొప్పులని దిగలేదు, ఈ పిల్ల ఒక్కతే రైలెక్కి కార్క్ వచ్చింది. మా సందులో మంచి టీకొట్టు ఉందని ఎవరో చెప్పారట. ఉంది, కాస్త అవతల. కానీ వాన దంచుతోంది, హానోరా ఇంటి తలుపు బార్లా తీసుంది, లోపల కప్పుల చప్పుడు, నవ్వులు. ఇంకేం కావాలి?

తప్పంతా ఆ పిల్లదే అనను. నల్లచొక్కా, చేతిలో ట్రే, ఫియక్రాని చూస్తే ఎవరైనా వెయిటరనే అనుకుంటారు. వాడు మారు మాట్లాడకుండా వేడి టీ తెచ్చాడు. రొట్టె కొంచెం కాల్చమంటే కాల్చి తెచ్చాడు. వెన్న చాలలేదంటే అదీ తెచ్చాడు.

"ఇంకేమైనా కావాలా మేడమ్?" అన్నాడు, ట్రే చంకలో పెట్టుకుని.

"మీరు కాస్త నవ్వితే బాగుంటుంది. ఇక్కడందరూ నవ్వుతున్నారు, మీరొక్కరే ఎవరో పోయినట్టు మొహం పెట్టారు."

వాడు పక్కున నవ్వాడు. నాన్నమ్మ పోయాక వాడు నవ్వడం అదే మొదలు. ఆ పిల్ల వాణ్ణి చూసి చూడనట్టు చూసి కప్పులోకి తలదించుకుంది. చెప్పెయ్యరా అని నేను కత్తి ఊపుతూనే ఉన్నాను. వెధవ, నావైపు చూస్తేగా. ఎదురుకుర్చీలో కూర్చుని ఓడ కబుర్లు అడుగుతున్నాడు.

కాసేపటికి ఆ పిల్ల చేతులు కడుక్కుంటానంటే బాత్రూమ్ మేడమీదుందన్నాడు. పైన తలుపు తీసున్న గది ఒకటే. అందులో కొవ్వొత్తులు, నీలం గౌనులో జపమాల పట్టుకుని హానోరా, పక్కన కోడలు బ్రీడా, అంటే ఫియక్రా వాళ్ళమ్మ. బ్రీడా లేచి, "రా తల్లీ, అత్తయ్య ఎంత బావుందో చూడు" అంది.

మెట్లు దిగి వచ్చేటప్పటికి ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీకు తెలుసు. తెలిసీ నాచేత ఇంతపని చేయించారు" అంది ఫియక్రాతో. కోటు కుర్చీమీదే వదిలేసి వానలోకి వెళ్ళిపోయింది.

వాడికి తల కొట్టేసినట్టయింది. "నాన్నమ్మ పైనుంటే నేను కింద వేషాలేశాను పిన్నీ. అమ్మ మొహం ఎలా చూడను?" అన్నాడు. ముందు ఆ పిల్ల మొహం చూసిరా అని కోటు వాడి చేతిలో పెట్టాను. ఓడెక్కనిచ్చే కార్డు అందులోనే ఉంది. అది లేకపోతే ఓడ ఆ పిల్లని వదిలేసి పోతుంది.

స్టేషన్లో ఏం జరిగిందో తరవాత వాడే చెప్పాడు. ఆ పిల్ల బెంచీ మీద వణుకుతూ కూర్చుందట. కోటు తీసుకుంది గానీ తలెత్తలేదట.

"మీ ఇంట్లో మనిషి పోతే నేను వెన్న చాలలేదన్నాను. తలుచుకుంటేనే సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"మీరు తెలియక చేశారు. నేను తెలిసీ చేశాను. చెబితే లేచి వెళ్ళిపోతారని చెప్పలేదు. ఇంకాసేపు మీరు అక్కడే ఉండాలనిపించింది."

అప్పుడే కోవ్ రైలొచ్చింది. తరవాతిది ఎక్కితే ఓడ అందొచ్చు, అందకపోవచ్చు. ఆ పిల్ల రైలు వంక చూసింది, వాడి వంక చూసింది.

"మీ ఇంట్లో ఆ వరసలో నిలబడి ఏమనాలి?" అని అడిగింది.

రైలు వెళ్ళిపోయింది.

ఈసారి ఆ పిల్ల మాతోపాటు వరసలో నిలబడింది, జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే. బ్రీడా కిందికొచ్చి ఇంటివాళ్ళతో నిలబడి ఉంది. ఆ పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని అనాల్సిన మాట అనేసి, ఆగలేక ఏడ్చేసింది.

"టీకొట్టనుకున్నానండీ. చల్లారిపోయిందని కసిరాను. క్షమించండి."

ఫియక్రా నేల చూపులు చూస్తున్నాడు.

బ్రీడా కళ్ళు తుడుచుకుంది. "పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పటినుంచీ రోజూ మా అత్తయ్య అదే మాట. టీ చల్లారిపోయిందే బ్రీడా అని. ఇవాళ ఆ మాట అనేవాళ్ళు లేరని పొద్దుట్నుంచీ ఏడుస్తున్నాను. నువ్వొచ్చి అన్నావన్నమాట."

ముందు నేనే నవ్వాను. తరవాత ఇల్లంతా నవ్వింది, ఆ పిల్ల కూడా ఏడుపులోనే నవ్వింది.

వరస చివర ఫియక్రా. ఆ పిల్ల వాడి చెయ్యి పట్టుకుని, "మీ కష్టానికి బాధగా ఉంది" అంది. వాడు థాంక్స్ అన్నాడు. అంతే, ఇద్దరూ అలాగే నిలబడిపోయారు. వెనక జనం ఉన్నారని దగ్గాను. రైలు టైమవుతోందని కూడా గుర్తుచేశాను.

బ్రీడా నన్ను మోచేత్తో పొడిచింది. "వచ్చే ఏడు కూడా రా తల్లీ. ఈసారి ఎవరూ పోనక్కర్లేదు, తలుపు తీసే ఉంచుతాం" అంది.

వస్తానంది ఆ పిల్ల. వాడి చెయ్యి మాత్రం అప్పటికీ వదల్లేదు.