అలిగిన పిల్లలు

సంచిలో రెండు టూత్‌బ్రష్‌లు పెట్టింది అక్క. ఒకటి వాడుతున్నది, రెండోది కవరు విప్పనిది. నెరిసిన జుట్టు విగ్గు, పంపుహౌస్ ఆపరేటర్ ఖాకీ చొక్కా, చూడ్డానికి చెవి మిషన్‌లా ఉండే, మైకున్న రిసీవర్ సర్దేసింది. అన్నిటికీ పైన చెల్లెలి పాత స్వెట్టరు మడిచి పెట్టింది.

"ఒక్క మనిషికి రెండు బ్రష్‌లా?" గుమ్మంలో నిలబడి అడిగాడు నిఘా విభాగం చీఫ్.

"వచ్చేటప్పుడు ఇద్దరం కదండీ."

చీఫ్ లోపలికొచ్చాడు. తలుపు మూసి గొంతు తగ్గించాడు.

"మరోసారి వినండి. ఊరు సగం జ్వరాలతో మంచం పట్టింది. దోమ పిల్లల్ని నీళ్లలోనే చంపే వేపగింజల కషాయాన్ని రేపు మెయిన్ ట్యాంకులో కలుపుతున్నారు. అవి జనం తాగే నీళ్లు. కషాయం సరఫరా చేస్తున్న కంపెనీ ముసుగే, వెనకున్నది విదేశీ ముఠా. ల్యాబ్‌కి పంపిన శాంపిల్ శుభ్రంగా ఉంది. డ్రమ్ముల్లో ఏముందో మాత్రం తెలీదు."

"మన తరఫున లోపల చెల్లి ఉందిగా."

"ఉంది. ఎవరి వైపు ఉందో చెప్పలేం. ఫొటోల్లో ముఠా నాయకుడు ఆ డాక్టర్‌గాడి పక్కన మెరిసిపోతోంది." చీఫ్ సంచిలోని రిసీవర్ వైపు వేలు చూపించాడు. "ఆవిడ 'వాన తగ్గింది' అంటే డ్రమ్ములు క్లీన్. 'గొడుగు మరిచాను' అంటే విషం."

"ఆ కోడ్ వాళ్లకి తెలిసిపోయి ఉంటే?"

సంచి జిప్పు చీఫ్ లాగేశాడు.

* * *

పంపుహౌస్ హాల్లో కుర్చీల నిండా అధికారులు. బల్ల మీద గాజు తొట్టి. అందులో దోమ పిల్లలు తలకిందులుగా వేలాడుతూ, మెలికలు తిరుగుతూ ఈదుతున్నాయి. గోడ పక్కన కషాయం డ్రమ్ములు, వాటి నుంచి ట్యాంకు మూతి దాకా పారదర్శకమైన గొట్టం. గొట్టం దగ్గర వంగిపోయిన నడుముతో ముసలి ఆపరేటర్ వేషంలో అక్క.

సముద్రపు నీలం రంగు సిల్కు చీర, నల్లకళ్లద్దాలతో వచ్చింది చెల్లెలు. ముఠా నాయకుడు డాక్టర్ ఆమె మోచెయ్యి వదలడం లేదు. చూసేవాళ్లకి అది మురిపెం. ఆ వేళ్లు ఎంత గట్టిగా దిగాయో అక్కకి కనిపించింది.

చెల్లెలు డ్రాపర్‌తో తొట్టిలో నాలుగు చుక్కలు వేసింది. "మంచి రోజు కుదిరిందండీ. వాన తగ్గింది."

అక్క చెవిలో చీఫ్ గొంతు పలికింది. "క్లీన్. కలపనివ్వండి. మీరు వచ్చెయ్యండి."

అంతలో తొట్టిలో కదలిక ఆగిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. చెల్లెలు గరిటెతో నీళ్లు తిప్పుతూ నవ్వింది. "తిండిపోతులే కాదండీ, అలిగిన పిల్లలు కూడా పోయాయి!"

జనం నవ్వారు. అక్క చటుక్కున తొట్టి వైపు తలెత్తింది.

వాళ్లమ్మ దోమల ల్యాబ్‌లో పనిచేసేది. ట్రేలలో బిస్కెట్ పొడి చల్లి దోమ పిల్లల్ని పెంచేది. రోజంతా తినే ఆ పిల్లలు ప్యూపా దశకి రాగానే కామాలా వంగిపోయి తిండి మానేస్తాయి. అమ్మ వాటిని 'అలిగిన పిల్లలు' అనేది. ఇంట్లో చెల్లెలు అలిగి కంచం తోసేస్తే ఆ పేరు దానికీ అంటుకుంది. వేపగింజల మందు తిండితో పాటు లోపలికి పోతుంది, రోజులు పట్టి చంపుతుంది. తిననివాటిని ఇలా నిమిషంలో చంపదు.

ఆ తొట్టిలో అలిగిన పిల్లల్ని కావాలనే వేసింది చెల్లెలు. ఆఫీసు కోడ్ వాళ్లకి దొరికిపోయింది, అందుకే దానిచేత 'వాన తగ్గింది' అనిపించారు. అమ్మ మాట దొరకలేదు.

"స్టార్ట్!" అన్నాడు డాక్టర్. పంపు మోగింది. గొట్టంలో గోధుమరంగు ద్రవం ట్యాంకు వైపు పాకసాగింది.

"వచ్చెయ్యమన్నానా!" చెవిలో చీఫ్ అరిచాడు.

అక్క చెవి మిషన్ పీకి పారేసింది. స్పానరు తీసుకుని గొట్టాన్ని పట్టి ఉంచిన క్లాంపు వదులు చెయ్యబోయింది. తుప్పు పట్టిన బోల్టు ఓ పట్టాన తిరగలేదు. ద్రవం మూతికి బెత్తెడు దూరంలోకి వచ్చింది. రెండు చేతులా లాగింది. గొట్టం ఊడి, విషమంతా నేల మీద చిమ్మింది. అధికారులు కాళ్లెత్తి కుర్చీలెక్కారు.

డాక్టర్ పిస్టల్ చెల్లెలి పక్కటెముకలకి ఆన్చాడు. "ఎవరైనా కదిలారో!"

చెల్లెలు నల్లకళ్లద్దాలు తీసింది. కళ్ల కింద నల్లటి వలయాలు.

"అలక తీరిందా?" అంది అక్క.

"ఇంకా లేదక్కా. నువ్వెళ్లి తినెయ్."

డాక్టర్ ఆమెని కారులోకి తోశాడు. కారు గేటు విరగ్గొట్టుకుని కాలవ గట్టు మీదికి వెళ్లింది. వంతెన దగ్గర స్టీరింగ్ ఉన్నట్టుండి పక్కకి తిరిగి, కారు కాలవలో పడింది. స్టీరింగ్ తిప్పిన చెల్లెలి చెయ్యిని వెంటపడ్డ పోలీసు జీపులో వాళ్లందరూ చూశారు.

సాయంత్రానికి కారు దొరికింది, డాక్టర్ శవం దొరికింది. మర్నాడు పేపర్లో, విషం మాట దాచి, మతి చెడిన ముసలి ఆపరేటర్ గొట్టం పీకి ప్రభుత్వ సొత్తు పాడుచేసిందని వేశారు. అసలు కషాయం తర్వాత కలిపారు. జ్వరాలు తగ్గాయి.

రెండో బ్రష్ కవరు విప్పలేదు. చెల్లెలు ఆ వానాకాలంలో తిరిగి రాలేదు. తర్వాత ఏ వానాకాలంలోనూ రాలేదు.