పైకప్పు పిలిచిన పేరు

రోవెనా సంచి సర్దుకుంటోంది. రెండు జతల బట్టలు, మరమ్మతు పనివాళ్ళు తొడుక్కునే పసుపుపచ్చ మెరుపు చొక్కా, మెడలో వేసుకునే కంపెనీ బ్యాడ్జీ, స్పీకర్లని మాట్లాడించి పరీక్షించే, చేతిలో ఇమిడే ఒక నల్లటి మీటరు. తలుపు దగ్గర ఆమె అత్తగారు గ్వెండా కేకు డబ్బా పట్టుకుని నిలబడింది.

"ఇది కూడా పెట్టుకో అమ్మాయ్."

"విమానంలో తినడానికి ఇస్తారు అత్తయ్యా."

"ఏమిస్తారూ, బిస్కెట్టు ముక్క! మావాడూ ఇలాగే వద్దన్నాడు." గ్వెండా డబ్బా మూత నొక్కి సర్దింది. మెల్లగా అడిగింది. "ఈసారి వెళ్ళేది ఆ మనిషి కోసమేనా?"

"అవును."

"అయితే కేకు వద్దులే. చేతులు ఖాళీగా ఉండనీ."

డబ్బా బల్లమీద పెట్టి, తన కోటుకున్న ఎర్ర కాగితం పువ్వు తీసి కోడలి మెరుపు చొక్కాకి గుచ్చింది. మర్నాడు నవంబరు పదకొండు. యుద్ధాల్లో పోయినవాళ్ళ పేరు మీద దేశమంతా ఆ పువ్వు పెట్టుకుంటుంది. గ్వెండా మాత్రం రెండేళ్ళుగా యుద్ధంలో పోనివాడి కోసం పెట్టుకుంటోంది.

కాన్‌బెర్రా విమానాశ్రయం కారు పార్కింగులో నిఘా విభాగంలో ఆమె పైఅధికారి కీత్ బ్లండెల్ ఎదురుచూస్తున్నాడు. కారు దిగకుండానే పని అప్పగించాడు.

"ఆంబ్రోస్ క్విల్. ఇంజనీరు. జలాంతర్గామి చప్పుడు శత్రువు చెవిన పడకుండా ఎలా దాచాలో తెలిసిన మనిషి. ఆ రహస్యం కొనబోయిన విదేశీ ముఠా గుట్టు రేపు మధ్యాహ్నం బయటపెడతాడు. అడిలైడ్‌లో ఒక టవర్ తొమ్మిదో అంతస్తులో దాచాం. కింద రెండు అంతస్తులూ షాపులు."

"ముఠా?"

"పేరు 'లాంతరు'. నాయకుడు వెసిక్. వాడి మొహం చూసిన మనవాడు..."

"కాలమ్ ఒక్కడే," అంది రోవెనా.

కాలమ్ ఆమె భర్త. రెండేళ్ళ కిందట పెర్త్‌లో ఒక షాపింగ్ సెంటర్లో వెసిక్ వెంట పడ్డాడు. ఫోన్లో ఆమెతో మాట్లాడుతూ ఉండగానే అతని నెత్తిమీద పైకప్పు స్పీకరు పలికింది. 'కాలమ్ ట్రెగెన్జా గారూ, దయచేసి కింద కారు పార్కింగు కౌంటరు దగ్గరికి రండి.' తేనె పూసినట్టున్న ఆడగొంతు. "ఆగు రో, నన్నెవరో పిలుస్తున్నారు," అన్నాడు కాలమ్. ఆమె విన్న ఆఖరి మాట అదే. ఆ పార్కింగులోనే అతన్ని చంపేశారు. తరవాత ఎంత విచారించినా, పక్కషాపుల్లో ఒక్కరు కూడా ఆ పిలుపు విన్నామని చెప్పలేదు.

వినరు మరి. పాతకాలంలో ఒక మైకు, ఒక తీగె, భవనమంతా ఒకటే కేక. ఇప్పుడు పైకప్పులో కంచాల్లా అమర్చిన ప్రతి స్పీకరుకీ నెట్‌వర్క్‌లో సొంత చిరునామా ఉంది. వెయ్యిమంది నెత్తిన పాట పెట్టి, ఒక్కడి నెత్తిన చావు పెట్టవచ్చు.

"లోపల మన మనిషి ఉంది," అన్నాడు కీత్. "డెల్ఫీన్ ఆర్క్‌రైట్. ఆ భవనానికి గొంతు ఆవిడే. ప్రకటనలన్నీ చదివేది ఆవిడే. వాళ్ళకీ పనిచేస్తోంది, మనకీ పనిచేస్తోంది."

"ఎవరికి ఎక్కువ?"

"ఆవిడక్కూడా తెలియదనుకుంటా. ఇంకో మాట, రో. వెసిక్ నాకు ప్రాణాలతో కావాలి."

"నాకు అక్కర్లేదు."

"అందుకే చెప్తున్నా."

మర్నాడు పొద్దున అడిలైడ్‌లో అప్పటికే ఎండ చుర్రుమంటోంది. మెరుపు చొక్కా తొడిగి భుజాన నిచ్చెన పెట్టుకున్న మనిషిని ఆ దేశంలో ఎవరూ ఆపరు. పైగా తలుపు తెరిచి పట్టుకుంటారు. కాఫీ కొట్టామె రోవెనాని చూడగానే చేయి ఊపింది.

"బంగారం, ఆ పైనున్న స్పీకరు పీక కాస్త నొక్కి పో! పొద్దుట్నుంచీ అదే పాట. నా మొగుడి గురకే నయం."

"సాయంత్రానికి చూస్తాలే అక్కా."

సెక్యూరిటీ బల్ల దగ్గర స్టెలియోస్ అనే లావుపాటి కాపలాదారు పేపరు చదువుతున్నాడు. అతను కీత్ మనిషి.

"తొమ్మిదో అంతస్తులో స్పీకరు దగ్గుతోందట," అంది రోవెనా.

"దగ్గు కాదు, తుమ్ము," అన్నాడతను తల ఎత్తకుండానే. సంకేతం సరిపోయింది. బల్ల కింద నుంచి కొత్త స్పీకరు పెట్టె ఒకటి తీసి ముందుకు తోశాడు. "జాగ్రత్త తల్లీ, బరువుంటుంది." పెట్టెలో స్పీకరు డొప్ప తప్ప ఏమీ లేదు. డొప్పలో పిస్తోలు ఉంది.

రెండో అంతస్తు చివర చల్లటి చిన్న గది. గోడ నిండా పచ్చదీపాలు మిణుకుమంటున్న యంత్రాలు. మైకు ముందు డెల్ఫీన్ కూర్చుని ఉంది. పట్టు చొక్కా, మెడకి నీలం స్కార్ఫు, ఎర్రటి పెదవులు. ఆమె మైకులోకి వంగి చెప్పింది. "తెల్ల కారు యజమాని గారూ, దయచేసి మీ లైట్లు ఆర్పుకోండి."

రోవెనా గుమ్మంలో ఆగింది. రెండేళ్ళుగా నిద్రలో వింటున్న గొంతు. తలుపు మూసి, పిస్తోలు తీసి ఆ నీలం స్కార్ఫుకి ఆనించింది.

"కాలమ్ ట్రెగెన్జా గారూ అని పిలిచింది నువ్వే."

డెల్ఫీన్ చెయ్యి చాచి మైకు ఆపింది. "నేనే. అరెస్టు చేయిస్తారనుకున్నాను. అంతకుమించి నాకేం చెప్పలేదు. నీ ఇష్టం, నమ్మితే నమ్ము."

"నమ్మను. ఇవాళ్టి సంగతి చెప్పు."

"పదకొండుంబావుకి క్విల్ గదిలో, ఒక్క ఆ గదిలోనే, నిప్పంటుకుందని చెప్పాలి. ఎడమవైపు మెట్లు దిగమనాలి. అదే సమయానికి కింద షాపుల్లో పాట ఆపాలి. పాట ఆగడమే వెసిక్‌కి గుర్తు. ఆగిన వెంటనే జనంలోంచి లేచి మెట్లెక్కుతాడు."

"ఎలా ఉంటాడు?"

"నేనూ చూడలేదు. ఫోన్లో గొంతు, అంతే."

రోవెనా గోడ గడియారం చూసింది. చిటికెలో అర్థమైంది. "ఇవాళ పాట పదకొండుకే ఆగుతుంది."

"ఆగుతుంది," అంది డెల్ఫీన్. "ఏటా ఆగుతుంది, యుద్ధాల్లో పోయినవాళ్ళ కోసం ఒక్క నిమిషం అందరూ మౌనంగా నిలబడతారు. నేను పుట్టి పెరిగిన ఊరిది. నాకు తెలీదా? వాడికి తెలీదు. పాట ఆగడాన్ని గుర్తుగా పెట్టింది నేనే. పావుగంట ముందే బయటపడతాడని నిన్న కీత్‌కి చెప్దామనుకున్నాను. ధైర్యం చాల్లేదు."

అది నిజం కావచ్చు. పిస్తోలు మెడకి ఆనాక పుట్టిన నిజమూ కావచ్చు. రోవెనా ఆ లెక్క తేల్చుకోలేదు. తేల్చుకోవాలని కూడా అనిపించలేదు.

"నేను మీటరు నొక్కగానే ఇక్కడ ఎర్రదీపం వెలుగుతుంది. ఆ క్షణాన తొమ్మిదో అంతస్తు మెట్ల స్పీకర్లో వాడి పేరు పిలువు."

"నేనా? నా గొంతు వాడికి తెలుసు. పిలిస్తే నా పని అయిపోయినట్టే!"

"కాలమ్ పనీ అలాగే అయిపోయింది."

"నీ చేతిలో మీటరుందిగా. దాంట్లోంచి నువ్వే పిలవొచ్చుగా!"

"పిలవొచ్చు," అంది రోవెనా. "కానీ నువ్వు పిలుస్తావు."

గది బయట స్టెలియోస్‌ని కాపలా పెట్టి ఆమె కిందికి దిగింది. ఎడమవైపు మెట్ల తలుపు ఎదురుగా నిచ్చెన వేసి, పైకప్పు పలక ఒకటి తీసి, అందులో తల దూర్చినట్టు నటిస్తూ నిలబడింది. కింద జనం రొద. సంచులు, బిడ్డల బళ్ళు, కాఫీ వాసన.

పదకొండయింది. పాట ఆగింది. స్పీకర్లన్నిట్లో ఒక్క బూరా సన్నగా ఏడ్చింది. అదీ ఆగింది.

భవనమంతా బొమ్మలకొలువయింది. కాఫీ కొట్టామె గిన్నె పట్టుకున్న చేయి పట్టుకున్నట్టే ఉంది. టోపీలు తీసిన ముసలివాళ్ళు తలలు వంచారు. ఎస్కలేటరు మీద జనం కదలకుండా పైకి తేలివస్తున్నారు. ఇంతమందిలో ఒక్కడే నడుస్తున్నాడు. బూడిదరంగు సూటు, చేతిలో పూలగుత్తి, కోటుకి మాత్రం ఎర్రపువ్వు లేదు. చుట్టూ ఏం జరిగిందో తెలియక తడబడ్డాడు. కానీ పాట ఆగింది, ఆజ్ఞ ఆజ్ఞే. అడుగు వేగం పెంచాడు. తలవంచిన ఓ ముసలాయన గుడ్లురిమి చూశాడు. "సిగ్గులేదూ!" అని పళ్ళ బిగువున అన్నాడు.

వెసిక్ మెట్ల తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

రోవెనా నిచ్చెన దిగి, బూట్లు విప్పేసి వెనకే జొరబడింది. సిమెంటు మెట్లు. పైన అతని బూట్ల చప్పుడు, కింద ఆమె అరికాళ్ళ నిశ్శబ్దం. ఒక్కో మలుపూ తిరుగుతుంటే ఆమెకి కారు పార్కింగు గుర్తొస్తోంది. కాలమ్ ఒంటరిగా దిగిన మెట్లు ఇలాగే ఉండి ఉంటాయి. వెనకనుంచి ఒక్క తూటా చాలు. కానీ మెట్ల వరుసలు అడ్డం, గురి దొరకడంలేదు.

తొమ్మిదో అంతస్తు. క్విల్ మెట్లు దిగి రాలేదేమని వెసిక్ ఆగి ఆలోచించలేదు. పూలగుత్తిలోంచి పొడవాటి పిస్తోలు లాగి, ఎడమచేత్తో దొంగ కార్డు తలుపుకి ఆనించాడు. తాళం టిక్కుమంది. తలుపు సందులోంచి చేతిలో టీ కప్పుతో క్విల్ కనిపించాడు. పిస్తోలు లేచింది.

రోవెనా మీటరు నొక్కింది.

"వెసిక్ గారూ," అంది పైకప్పు, తేనె పూసిన గొంతుతో.

నెత్తిమీద నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే తలెత్తని మనిషి లేడు. కాలమ్ ఎత్తాడు. వెసిక్ కూడా ఎత్తాడు. ఆ రెప్పపాటులో రోవెనా కాల్చింది. మోకాలు చితికి వెసిక్ కూలాడు. క్విల్ టీ కప్పు జారి గుమ్మంలో భళ్ళున పగిలింది. రోవెనా ఎగిరి వెళ్ళి వెసిక్ పిస్తోలు కాలితో తన్నేలోపే వాడు కోటు కాలరులోకి అరిచాడు.

"డెల్ఫీన్! డెల్ఫీన్ మనల్ని అమ్మేసింది!"

కాలరులో సన్నటి మైకు ఉంది. బయట ఎక్కడో దాన్ని వింటున్నవాళ్ళున్నారు. రోవెనా దాన్ని పీకేసింది. ఆలస్యంగా పీకింది. తరవాత పిస్తోలు గొట్టం వాడి నుదుటికి ఆనించి ఉంచింది. ప్రాణాలతో కావాలన్న కీత్ మాట అడ్డొచ్చింది. ఆమె వేలు సడలించింది.

"పెర్త్‌లో వాడూ ఇలాగే తలెత్తాడు," అన్నాడు వెసిక్ నొప్పితో పళ్ళు కొరుకుతూ. "నీకు మొగుడా వాడు?"

ఆమె రేడియో మీట నొక్కి పోలీసుల్ని పిలిచింది.

ఒంటిగంట కాకముందే వెసిక్‌ని అంబులెన్సు ఎక్కించారు, క్విల్ మధ్యాహ్నం సాక్ష్యానికి సిద్ధమయ్యాడు. కింద పాట మళ్ళీ మొదలైంది. రోవెనా రెండో అంతస్తు గదికి వెళ్ళింది. డెల్ఫీన్ కోటు తొడుక్కుని నిలబడి ఉంది. పెదవుల రంగు సగం చెరిగిపోయింది.

"వాడు అరిచింది నాకూ వినిపించింది. నీ మీటరు మైకు తెరిచే ఉంది. బయట వాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. నాకు తోడు మనుషుల్నివ్వు."

రోవెనా నడుముకి రేడియో ఉంది. ఒక్క మీట నొక్కితే మెట్ల దగ్గరున్న పోలీసులు పరిగెత్తుకొస్తారు.

"నాకు ఆ అధికారం లేదు. కీత్‌ని అడగాలి."

డెల్ఫీన్ ఆ రేడియోని చూసింది. రోవెనా కళ్ళలోకి చూసింది. "అడుగుతావా?"

"అడుగుతాను."

"సరే మరి," అంది డెల్ఫీన్. స్కార్ఫు సరిచేసుకుని, ఎస్కలేటరు మీద కిందికి దిగి, ఎండలోకి నడిచింది. కాఫీ కొట్టామె ఏదో హాస్యమాడితే చిన్నగా నవ్వింది కూడా.

సాయంత్రం కీత్ ఫోను చేశాడు. "శభాష్ రో. డెల్ఫీన్‌కి కాపలా పెట్టావు కదా?"

"మీరు చెప్పలేదు."

కీత్ ఫోను పెట్టేశాడు.

ఆ భవనం యాజమాన్యం కొత్త గొంతు కోసం వెతికే శ్రమ పడలేదు. ఇప్పటికీ రోజూ మూసేవేళకి రికార్డింగు మోగుతుంది. వచ్చినందుకు ధన్యవాదాలు చెప్పి, రేపు మళ్ళీ రమ్మని అందర్నీ తియ్యగా పిలుస్తుంది. డెల్ఫీన్ ఆర్క్‌రైట్ మాత్రం నవంబరు పదకొండు మధ్యాహ్నం వెళ్ళింది. తిరిగి రాలేదు.