వెన్నలా తిరిగిన తాళం

"మా ఇంట్లో దొంగతనం జరిగిందమ్మా. మందులు ముట్టుకోలేదు. ఖాళీ స్ట్రిప్పులు ఎత్తుకుపోయారు."

లోపలికి వస్తూనే ఆ మాట అనేసి కుర్చీ అంచున కూర్చుంది ఆమె. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి మొగుడి చెప్పు వేసుకుని వచ్చింది. ఆ సంగతి ఆమెకింకా తెలిసినట్టు లేదు.

పోలీసుల దాకా వెళ్ళని చిక్కులు విప్పే ఆవిణ్ణి అందరూ లాయరమ్మ అంటారు గాని, ఆవిడ నిజానికి లాయరు కాదు. ఎదుటివాళ్ళు ఊపిరి తీసుకునేలోగా మూడు ప్రశ్నలు వేస్తుందని ఆ పేరు పడింది. ఆవిడ సహాయకుడు ఫోటో బాబాయి. స్టూడియో మూతపడ్డాక ఇక్కడ చేరాడు. వయసులో తనకంటే చిన్నదైనా ఆవిణ్ణి గురువుని చూసినట్టు చూస్తాడు.

"ఖాళీవి పోతే బాధేంటమ్మాయ్?" అంది లాయరమ్మ.

"అవి చూపిస్తేనే మళ్ళీ మందిస్తారమ్మా. మా మామయ్యకి బ్లడ్ క్యాన్సర్. రోజూ మాత్ర వేసుకున్నంతకాలం మనిషి నిక్షేపంగా ఉంటారు. ఆపితే..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. "పూర్తి ధర పెట్టి కొనాలంటే ఇల్లమ్మినా చాలదు. ఆస్పత్రి పక్కన మందుల సాయం ఆఫీసుంది. మాత్రలు బయట అమ్ముకోలేదని తెలియడానికి వాడేసిన స్ట్రిప్పులు తెచ్చివ్వమంటారు. అవి తీసుకుని చిన్న మొత్తానికి కొత్త డబ్బా ఇస్తారు. రేపే వెళ్ళాలి. మా ఆయనేమో నేనే చెత్తలో పారేశానంటున్నారు."

"నకిలీ మందుల ముఠా!" అన్నాడు బాబాయి కళ్ళు పెద్దవి చేసి. "ఖాళీ స్ట్రిప్పుల్లో సున్నం బిళ్ళలు నింపి అమ్ముతారు మేడం!"

"ముందు ఇల్లు చూద్దాం బాబాయ్. ముఠా ఎక్కడికీ పోదులే."

* * *

మామగారు తాళాల మేస్త్రి. చూపు మందగించి కొట్టు మూసేశాడు కానీ, ఇంట్లో ఏ తలుపుకీ బజారు తాళం వేయనివ్వడు. మందులు ఇనప్పెట్టెలో పెట్టి, తన చేతులతో చేసిన తాళంకప్ప వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. మధ్యాహ్నం మాత్ర వేసుకుని పడుకుంటే పక్కన పిడుగు పడ్డా లేవడు.

"పెట్టె పగలగొట్టలేదు, తాళంచెవి నా నడుముకే ఉంది" అన్నాడు ముసలాయన, తనకే అవమానం జరిగినట్టు. "నా కొడుకుని అనుమానించకండి. బస్సు నడపడం తప్ప వాడికేం రాదు. తాళంచెవి ఎటు తిప్పాలో ఇప్పటికీ అడుగుతాడు."

"నాన్నా, ఊరందరి ముందూ అదే చెప్పాలా?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ కొడుకు.

లాయరమ్మ ఆయన దగ్గర చెవి అడిగి తీసుకుని తాళంకప్పలో తిప్పింది. చప్పుడు లేకుండా తెరుచుకుంది.

"బాగా తిరుగుతోందే."

"ఈ రెండ్రోజుల నుంచే. అంతకుముందు మొరాయించేది. ఇప్పుడు వెన్నలా తిరుగుతోంది. మాత్రల గుణమేమో, వేళ్ళల్లో బలం వచ్చినట్టుంది" అని నవ్వాడు ముసలాయన.

లాయరమ్మ నవ్వలేదు. చిటికెన వేలు తాళం రంధ్రం మీద రాసి చూసుకుంది. వేలికి నల్లటి మెరుపు అంటింది. ఆ వేలు బాబాయికి చూపించింది. ఆయన వాసన చూసి, "నూనె కాదు మేడం. చిన్నప్పుడు బళ్ళో చెక్కిన పెన్సిళ్ళు గుర్తొస్తున్నాయి" అన్నాడు.

"దీన్ని చెవి లేకుండా తియ్యగలిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా మేస్త్రీ?"

"నేనొక్కణ్ణే."

"ఎవరికీ పని నేర్పలేదా?"

ముసలాయన కిటికీ వైపు తిరిగాడు. "ఒక పిల్ల ఉండేది. ఆకురాయి పట్టిందంటే నాకంటే నున్నగా అరగదీసేది. పంపించేశాను. ఆడపిల్లకి తాళాలు తియ్యడం నేర్పుతావా, రేపు ఎవరింట్లో ఏం పోయినా దాన్నే అంటారు అని నలుగురూ నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల వెనక్కి చూసింది. నేను చూడనట్టు ఊరుకున్నాను."

లాయరమ్మ తాళంకప్పని తిరిగి పెట్టెకి తగిలించింది.

"ఆఫీసుకి మీరెప్పుడైనా వెళ్ళారా?" అడిగింది లాయరమ్మ.

"నేనా? చెయ్యి చాచే వరసలో నేను నిలబడను. కోడలే వెళ్తుంది."

వీధి గుమ్మం దగ్గర లాయరమ్మ కోడలిని ఆపింది. "ఈ మధ్య ఇంటికెవరొచ్చారు?"

"పాత పేపర్లతను గుమ్మం దాటలేదు. మొన్న మధ్యాహ్నం క్యూ అక్క వచ్చింది. పేరు అడగనే లేదు, ఆఫీసు వరసలో పరిచయం. వాళ్ళాయనకీ ఇదే మందు. వానొస్తే నేనే పిలిచి టీ ఇచ్చాను. మా మామయ్య పెట్టెకి తాళం వేస్తారని చూపించి నవ్వుకున్నాం కూడా. వాన వెలిశాక నేను మేడ మీద తడిసిన బట్టలు పిండి ఆరేసి వచ్చేసరికి, వెళ్ళొస్తానంది."

* * *

మందుల సాయం ఆఫీసులో గుమాస్తా తలెత్తకుండానే చెప్పాడు. ఏ స్ట్రిప్ ఎవరికిచ్చారో నంబర్లతో సహా రాసి ఉంటుంది, ఒకరివి ఇంకొకరి పేరు మీద చెల్లవు.

"మరి పొరపాటున పోగొట్టుకుంటే?"

"డాక్టరు ఉత్తరం, కొత్త రక్తపరీక్ష తెస్తే ఒకసారికి ఇస్తామండీ. అడిగితేగా! మొహమాటపడి వెనక్కి వెళ్ళిపోతారు."

* * *

సాయంత్రం మేస్త్రి గదిలో అందరూ కూర్చున్నారు. ఆఫీసు వరసలోని వాళ్ళతో కోడలు కబురు చేస్తే క్యూ అక్క కూడా వచ్చింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, పైట భుజం నిండా కప్పుకుని, తలుపుకి దగ్గరగా కూర్చుంది.

"దొంగ నిండు స్ట్రిప్పులు వదిలేసి ఖాళీవి తీసుకుంది" అని మొదలుపెట్టింది లాయరమ్మ. "అమ్ముకునేవాళ్ళకి నిండువి కావాలి. బాబాయి చెప్పిన ముఠాకైనా డబ్బాలు కావాలి, అవి పెట్టెలోనే ఉన్నాయి. ఖాళీ స్ట్రిప్ బంగారమయ్యేది ఒక్కచోటే, ఆ వరసలో నిలబడేవాళ్ళకే. ఇక తాళం. పగలగొట్టలేదు, గీత కూడా పడలేదు. తీసి, పని చూసుకుని, మళ్ళీ వేసింది. అంతేకాదు, మొరాయిస్తుంటే చూడలేక పెన్సిల్ మొన గీకి ఆ పొడి పోసింది. నూనె వేస్తే దుమ్ము పడుతుందని తెలిసిన చెయ్యి. దొంగతనానికొచ్చి తాళానికి సేవ చేసి వెళ్ళే దొంగని నేను ఇదే చూడటం. మేస్త్రీ, పొడి వెయ్యమని ఎవరికి నేర్పారు?"

ముసలాయన తలుపు దగ్గరి మనిషి వైపు తిరిగి కళ్ళు చికిలించి చూశాడు.

క్యూ అక్క లేచి సంచీలోంచి స్ట్రిప్పుల కట్ట తీసి పెట్టె మీద పెట్టింది.

"మా స్ట్రిప్పుల్ని అత్తగారు ఖాళీవే కదా అని ఊడ్చి పారబోసింది. చెత్తబండి వెనక వీధి చివరిదాకా పరుగెత్తాను, దొరకలేదు. ఆయన లేకపోతే నేనేమైపోవాలి? పెట్టె చూడగానే తాళం గుర్తుపట్టాను. మిమ్మల్నీ గుర్తుపట్టాను మేస్త్రీ గారూ. మీరు నిద్రపోతున్నారు."

"మరి మేమేమైపోవాలక్కా?" కోడలు గిరుక్కున ఆమె వైపు తిరిగింది. "నా చేతి టీ తాగి..."

"ఆ రోజు నుంచీ ముద్ద దిగలేదమ్మా. తెల్లారగానే తెచ్చిచ్చేద్దామని బయటికి తీశాను. తర్వాత మా ఆయన మొహం చూసి మళ్ళీ సంచీలో పెట్టేశాను."

"అవి నీ దగ్గరున్నా చెల్లేవి కావు" అంది లాయరమ్మ, డాక్టరు ఉత్తరం సంగతి చెప్పి. "తాళం తియ్యడానికి జంకలేదు గాని, గుమాస్తాని ఒక్క మాట అడగడానికి నీకు మొహం చెల్లలేదు. వరసలో నిలబడటానికి ఈయనకి మొహం చెల్లలేదు. గురువుకి తగ్గ శిష్యురాలివే."

కొడుకు కోపంగా ఏదో అనబోయాడు. ముసలాయన చెయ్యెత్తి ఆపి, స్ట్రిప్పులు కోడలికిచ్చి, తాళంకప్ప నొక్కేశాడు.

"తియ్యి" అన్నాడు శిష్యురాలితో. "నా ఎదురుగా."

ఆమె కోడలి వైపు చూసింది. కోడలు ఒక్క క్షణం ఆగి, జడలోంచి పిన్ను తీసి ఇచ్చింది. ముసలాయన తాళానికి చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కొక్కెం మెల్లగా పైకి లేచింది.

"విన్నావురా?" అన్నాడు కొడుకుతో. "వినలేదు కదూ! చప్పుడైతేగా వినడానికి! నేనైనా లోపలి మీటని ఒక్కసారి టక్కుమనిపించేవాణ్ణి." తర్వాత ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. "నిన్ను పంపిన రోజున నా కొట్టుకి నేనే తాళం వేసుకున్నానమ్మా."

ఫోటో బాబాయి కెమెరా తేనందుకు తనను తానే తిట్టుకున్నాడు.

* * *

మర్నాడు ఆఫీసు వరసలో కొత్త మనిషి కనిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కర్ర ఆనించి, కోడలి ముందు నిటారుగా నిలబడ్డాడు. ఆయనకి ముందు, పొద్దున్నే ఆస్పత్రిలో తీసుకున్న డాక్టరు ఉత్తరం, రక్తపరీక్ష కాగితం పట్టుకుని క్యూ అక్క. గుమాస్తా ఆ ఉత్తరం చదివి, ముద్ర కొట్టి, డబ్బా ఇచ్చాడు. ఆమె దాన్ని రెండు చేతులతో అందుకుంది.

వెనక నిలబడ్డ ఒకావిడ క్యూ అక్కని చూపిస్తూ ముసలాయన్ని పలకరించింది. "మీ అమ్మాయా అండీ?"

ఆయన కర్ర ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, వరసంతా వినేలా చెప్పాడు.

"నా తాళం తీసిన మనిషమ్మా!"